ఒరే తమ్ముడూ, గోల్!

దీపస్తంభం,
వానలు మొదలైన వారం

అక్కా,

క్షేమంగా చేరాను. లాంచీ దిగేటప్పుడు కాలు జారి నీళ్ళలో పడ్డాను. ఈ సంగతి బావకి చెప్పకు, ఏడాది పొడుగునా నవ్వుతాడు. ఇక్కడ ఉండేది ముగ్గురం. దీపం బాధ్యత చూసే పెద్దాయన, వంటాయన, జనరేటరు చూసుకునే నేను. చుట్టూ సముద్రం తప్ప చూడ్డానికి ఇంకేమీ లేదు. వారానికోసారి సరుకుల లాంచీ వస్తుంది, ఉత్తరాలు అందులోనే. ఫోను ప్రాణం మీదికి వస్తే తప్ప వాడకూడదట.

అసలు బాధ వేరే ఉంది. ఇక్కడ టీవీ రాదు. రేడియో ఉంది గానీ అందులో పెద్ద జట్ల మ్యాచ్‌లే చెప్తారు. రెండో అంచెలో ఆడుకునే మన జట్టు గొడవ మన ఊరి టీవీకి తప్ప ఎవరికీ పట్టదు. మనవాళ్ళు మొదటి అంచెకు ఎక్కితే ఈ ఏడాదే ఎక్కాలి అక్కా. అంత మంచి జట్టు కుదిరింది. సరిగ్గా ఈ ఏడాదే నన్ను తీసుకొచ్చి ఈ రాయి మీద కూర్చోబెట్టారు.

నీకు ఫుట్‌బాల్ గిట్టదని తెలుసు. మీ లాండ్రీలో గోడ మీది టీవీలో మ్యాచ్ పెడితే "ఒక్క బంతి కోసం అంతమంది కొట్టుకోవడమేమిట్రా, చెప్పి సర్దే పెద్దమనుషులు లేరా?" అన్నదానివి. అయినా నీ కాళ్ళు పట్టుకుంటాను. శనివారాలు మ్యాచ్ చూసి నాకు రాయవూ? ఎవరు కొట్టారు, ఎలా కొట్టారు, అంతే చాలు. వంటాయన నీ ఏడు గంటల సీరియల్‌కి వీరాభిమాని. అది కూడా కాస్త రాస్తే నా పళ్ళెంలోకి నాలుగు ముక్కలు ఎక్కువ పడతాయి.

నీ తమ్ముడు


లాండ్రీ వెనక గది,
వాన పడుతూనే ఉంది

ఒరే తమ్ముడూ,

నీళ్ళలో పడ్డ సంగతి మీ బావకి చెప్పేశాను. ఇస్త్రీ ఆపి మరీ నవ్వాడు. నవ్వాక "పాపం, చూడవే" అన్నాడు. ఆ మనిషి నోటి నుంచి వారానికి ఒక్క మాట రాలుతుంది, దాన్ని కాదంటే ఎలా? శనివారం సాయంత్రం బట్టలన్నీ పక్కన పడేసి మ్యాచ్ చూశాను.

మనవాళ్ళే గెలిచారు. పేర్లు నాకు ఎక్కవు, నేను పెట్టుకున్న పేర్లే నువ్వూ నేర్చుకో. ముందు నిలబడి గోల్ కొట్టాల్సినవాడి పేరు అద్దం. బంతి తన దగ్గరికి వచ్చేలోపు జుట్టు సవరించుకుంటాడు. ఎవరైనా భుజం తగిలించారా, సీరియల్లో పెద్దకోడలు మూర్ఛపోయినట్టు పడిపోతాడు. అదీ ఎటు పడితే మొహం కెమెరాకి కనిపిస్తుందో చూసుకుని పడతాడు. ఇంతా చేసి ఎదురుగా గోల్ ఖాళీగా ఉంటే బంతిని ఆకాశానికి తన్నాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదేరా.

గోల్‌కీపర్ పేరు గడప. తను దాటడు, ఇంకొకర్ని దాటనివ్వడు. నాకు నచ్చాడు. ఆట చివర్లో ఒక బక్కపిల్లాణ్ణి దింపారు. సూది అని పెట్టాను. అంత సందులో ఎలా దూరాడో తెలియదు, దూరి గోల్ కొట్టొచ్చాడు. ఇలాంటివాణ్ణి ఇంతసేపు బెంచీ మీద కూర్చోబెట్టిన ఆ కోచ్‌కి బుద్ధి ఉందా?

ఇక నువ్వు గోడకి బొమ్మ అంటించుకున్న ఆ కెప్టెన్. వాడు ఉత్త దండగ. ఊరికే చెప్పడం లేదు. మ్యాచ్ అయ్యాక జట్టు బట్టలు ఎప్పటిలాగే మన లాండ్రీకే వచ్చాయి కదా, మిగతావాళ్ళ చొక్కాలకి అరగజం మట్టి. కెప్టెన్ చొక్కా పెళ్ళికి వేసుకెళ్ళొచ్చు. కష్టపడినవాడెవడో ఉతికేదానికి తెలియదూ?

వంటాయనకి చెప్పు: ఇంట్లోకి వచ్చిన లాయరు లాయరు కాదు, చచ్చిపోయాడనుకున్న చిన్నకొడుకు. మీసం పెట్టుకుంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఎనిమిదింటికి వచ్చే ఆసుపత్రి సీరియల్ మాత్రం నేను మానేశాను. మొదలై ఇన్నాళ్ళయింది, ఒక్క రోగి నయమై ఇంటికి వెళ్ళలేదు. డాక్టర్లందరూ ప్రేమలో ఉంటే మందులెవరిస్తారు?

అక్క


దీపస్తంభం

అక్కా,

ఉత్తరం అందింది. నాలుగు రోజులు కోపం దిగలేదు.

కెప్టెన్‌ని దండగ అన్నావా! చొక్కా మట్టి చూసి ఆటగాణ్ణి తూచడం ఏమిటక్కా? ఆయన్ని మేమంతా మేస్త్రి అంటాం. మేస్త్రి ఇటుకలు మోయడు. గోడ వంకర పోకుండా చూస్తాడు. ఎక్కడ నిలబడాలో తెలియనివాడు పరిగెత్తి, జారి, మట్టి పూసుకుంటాడు. తెలిసినవాడి కాళ్ళ దగ్గరికి బంతే నడిచి వస్తుంది. నీ సీరియల్ కళ్ళతో చూస్తే ఇవి కనపడవు. ఒక్కసారి బంతిని వదిలేసి మ్యాచ్ మొత్తం మేస్త్రినే చూడు. అప్పుడు మాట్లాడదాం.

అద్దం గురించి రాసినది కూడా అన్యాయమే. వాడు పడిపోవడం నిజమే గానీ... సరే, నిజమే.

ఈసారి ఉత్తరం కొంచెం పొడుగ్గా రాయి. లాయరు గురించి వంటాయన ముందే ఊహించాడట. ప్రగల్భాలు.

తమ్ముడు


లాండ్రీ వెనక గది,
చలి మొదలైంది

ఒరే తమ్ముడూ,

ఇన్ని వారాలూ నీకు రాసిన వాటిలో ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. పండగ చేసుకో.

నువ్వు చెప్పినట్టే మొన్న మేస్త్రినే చూశాను. మొదట ఏమీ కనపడలేదు. పెళ్ళిలో పెత్తనం చేసే బాబాయిలా అటు చెయ్యి చూపిస్తాడు, ఇటు చెయ్యి చూపిస్తాడు. కాసేపటికి తెలిసింది, ఆయన చెయ్యి చూపించిన చోటికే బంతి వెళ్తోంది. అవతలి వాళ్ళు ముగ్గురు మీదికొస్తే కంగారు పడకుండా, వాళ్ళ వెనక సూది ఉన్నాడని చూడకుండానే తెలిసినట్టు, బంతిని అలా జరిపాడు. నాకు ఒళ్ళు జలదరించిందిరా. "ఏమండీ, చూశారా!" అని అరిచాను. మీ బావ చూశాడు. టీవీని కాదు, నన్ను.

అద్దం మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. వాణ్ణి కూర్చోబెట్టి సూదిని మొదటి నుంచీ ఆడించాలి. కోచ్ ఎదురైతే మొహం మీదే చెప్తాను.

సరే, చల్లకొచ్చి ముంత దాచడమెందుకు. మన దగ్గర కోట్లు ఉతికించుకునే రేడియో వార్తలాయన లేడూ, మొన్న నేను టీవీతో పోట్లాడుతుంటే కౌంటర్ దగ్గర నిలబడి అంతా విన్నాడు. కోటు తీసుకోవడం మర్చిపోయి మ్యాచ్ అయ్యేదాకా వింటూనే ఉన్నాడు. మనవాళ్ళు ఫైనల్‌కి వస్తే ఆ మ్యాచ్ రేడియోలో ఇస్తారట. గెలిచి మొదటి అంచెకు ఎక్కితే వచ్చే సీజనంతా ఇస్తారట. వ్యాఖ్యానం చెప్పేవాళ్ళ కోసం వెతుకుతున్నారట. "ఒకసారి స్టేషన్‌కి రండి, గొంతు పరీక్ష చేస్తాం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత నిద్ర రాలేదు. నాకు కావాలిరా ఈ పని. ఇన్నేళ్ళూ ఈ ఆవిరిలో నిలబడి ఎవరెవరి మరకలో వదిలించాను, బాగుందనే చేశాను. కానీ ఏదైనా ఇంతగా కావాలనిపించడం ఇదే మొదలు. బయట చెప్తే నవ్వుతారని నీకొక్కడికే చెప్తున్నాను. ఏం చెయ్యమంటావు?

అక్క


దీపస్తంభం

అక్కా!

వెళ్ళు. ఆలోచించకు, వెళ్ళు. మా అక్క రేడియోలో!

కానీ రేడియో అంటే మన లాండ్రీ కాదు. ఊరంతా వింటుంది. మేస్త్రిని బాబాయనీ, అద్దాన్ని పెద్దకోడలనీ అంటే నీ పరువుతో పాటు నా పరువూ గంగలో కలుస్తుంది. అందుకని పెద్ద స్టేషన్ వ్యాఖ్యాతల మాటలన్నీ విని ఒక కాగితం మీద రాసి పంపుతున్నాను. "క్రీడాభిమానులారా" అని మొదలుపెట్టు. "బంతిని తన అధీనంలోకి తీసుకున్నాడు" అను. "అద్భుతమైన సమన్వయం" అను. బట్టీ పట్టెయ్. సీరియల్ మాట ఒక్కటి కూడా నోరు జారకూడదు, ఒట్టు.

తమ్ముడు


లాండ్రీ

తమ్ముడికి,

మనవాళ్ళు సెమీఫైనల్ గెలిచారు. ఫైనల్‌కి వచ్చారు. మేస్త్రి ఒకటి, సూది ఒకటి కొట్టారు. వాళ్ళు ఒకటి కొట్టారు. సీరియల్లో విశేషాలేమీ లేవు. చలి ఎక్కువగా ఉంది. బావ కులాసా. నువ్వు స్వెట్టర్ వేసుకో.

ఉంటాను.
అక్క


దీపస్తంభం

అక్కా,

ఇదేం ఉత్తరం? టెలిగ్రామ్‌కి కూడా ఇంతకంటే ప్రాణం ఉంటుంది. మనవాళ్ళు ఫైనల్‌కి రావడం "చలి ఎక్కువగా ఉంది" లాంటి సంగతా?

ఒకటి నీకు చెప్పలేదు. నీ ఉత్తరాలు ఇక్కడ నేనొక్కణ్ణీ చదువుకోవడం లేదు. లాంచీ వచ్చిన రోజు భోజనాలయ్యాక గట్టిగా చదువుతాను. వంటాయన సీరియల్ కోసం కూర్చున్నవాడల్లా ఇప్పుడు సూది కోసం కూర్చుంటున్నాడు. పెద్దాయన సంగతి చెప్తే నమ్మవు. ఫుట్‌బాల్ ఏ ఆకారంలో ఉంటుందో తెలియని మనిషి. ముందు గోడవైపు తిరిగి విన్నాడు, తర్వాత ఇటు తిరిగాడు, మొన్న "అద్దాన్ని ఇంకా తియ్యలేదా?" అని అడిగాడు. మూడు పెద్ద ఓడలు దారి తప్పినా అంత బాధపడడు.

నీ చివరి ఉత్తరం చదివాను. ఇద్దరూ ఇంకా ఉందేమోనని చూశారు. కాగితం తిప్పి చూపించాను. పెద్దాయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పరీక్ష ఏమైందక్కా?

తమ్ముడు


లాండ్రీ వెనక గది

ఒరే,

ఏమవుతుంది? నీ కాగితం పట్టుకుని వెళ్ళాను. అద్దాల గది, నా మొహం అంత మైకు, ఎదురుగా పాత మ్యాచ్ ఒకటి నడుస్తోంది. "క్రీడాభిమానులారా" అన్నాను. అది నా గొంతు కాదురా. ఎవరో కొత్త కోడలు అత్తవారింట్లో మంచినీళ్ళు అడిగినట్టుంది. "బంతిని తన అధీనంలోకి" అనేసరికి బంతి వెళ్ళిపోయింది. "అద్భుతమైన సమన్వయం" అంటుంటే అవతలివాళ్ళు మన మీద గోల్ కొట్టారు. గాజు గోడ అవతల కూర్చున్న స్టేషన్ అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన తుడుచుకున్న తీరులోనే ఫలితం తెలిసింది.

వార్తలాయన పాపం తలుపు దాకా వచ్చాడు. "ఆ రోజు కౌంటర్ వెనక విన్న మనిషి ఎక్కడికి పోయిందమ్మా?" అన్నాడు. ఏం చెప్పను? మా తమ్ముడు పోస్టులో కాగితం పంపి చంపేశాడని చెప్పనా?

నీ మీద కోపంతో ఆ ఉత్తరం అలా రాశాను. పరువు, పరువు అన్నావు. నా మాటలు నీకు అంత నామోషీ అయితే ఇన్ని నెలలూ పొడుగ్గా రాయమని ఎందుకు అడిగావు?

ఇప్పుడు సంగతి ఇది. ఫైనల్లో ఆ వార్తలాయనే అసలు వ్యాఖ్యాత. ఆయన బతిమాలితే నన్ను పక్కన కూర్చోబెడతామన్నారు. ఆటగాళ్ళు మారినప్పుడు పేర్లు చదవాలి, కూరలో కరివేపాకులా. కాకపోతే రెండో సగంలో కాసేపు మైకు నాకిస్తారట. అప్పుడు బాగా చెప్తే వచ్చే సీజన్‌కి నేను. లేకపోతే ఆవిరీ, మరకలూ, నేనూ. ఇంకో అవకాశం ఉండదని అధికారి మొహమాటం లేకుండా చెప్పాడు.

ఒళ్ళంతా భయంగా ఉంది. ఏం మాట్లాడాలో కూడా తెలియడం లేదు.

అక్క


దీపస్తంభం

అక్కా,

తప్పు నాదే. కాగితం చింపెయ్, పొయ్యిలో పడెయ్, దాంతో బావని ఇస్త్రీపెట్టె తుడుచుకోమను.

ఊరంతా వింటోందని అనుకోకు. ఎవరూ వినడం లేదు. నాకు టీవీ రాదు, ఏం జరుగుతోందో నువ్వు చెప్తే తప్ప తెలియదు. నాకు ఉత్తరం రాస్తున్నట్టు చెప్పు. ఫైనల్ రోజు రేడియో ముందు ముగ్గురం కూర్చుంటాం. పెద్దాయన ఇప్పటి నుంచే బ్యాటరీలు దాచిపెడుతున్నాడు.

తమ్ముడు


దీపస్తంభం,
ఫైనల్ మర్నాడు

అక్కా! అక్కా! అక్కా!

లాంచీ ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక ఇప్పుడే రాసిపెడుతున్నాను.

మొదటి సగంలో నీ గొంతు ఒక్కసారే వినపడింది, ఎవరో దెబ్బతగిలి బయటికెళ్తే పేరు చదివావు. "ఇంతేనా?" అన్నాడు పెద్దాయన. చెరో గోల్‌తో సమానంగా ఉంది. రెండో సగం నడుస్తుండగా వార్తలాయన "ఇప్పుడు మైకు మా సహ వ్యాఖ్యాతకు" అన్నాడు. తర్వాత నిశ్శబ్దం. రేడియో పాడయిందేమోనని వంటాయన దాన్ని తట్టాడు. "క్రీ..." అన్నావు. నేను తల పట్టుకున్నాను. అప్పుడు వినపడింది.

"ఒరే తమ్ముడూ, చూడరా!"

అంతేనక్కా, ఇంక నువ్వు ఆగలేదు. నాకు అక్షరం అక్షరం గుర్తుంది, రాస్తాను విను. "మేస్త్రి బంతి దగ్గరే నిలబడ్డాడు. తొందర లేదు ఈయనకి, ఇల్లు తగలబడుతున్నా తాళం వేసి మరీ బయటికొచ్చే రకం. ముగ్గురొచ్చి మీద పడుతున్నారు, రానీ, వాళ్ళు రావాలనే నిలబడ్డాడు. అదిగో, ఎడమకి జరిపాడు! ఎవరున్నారక్కడ, సూది! సందు చూశాడు, దూరాడు, ఇంకొకణ్ణి దాటాడు, పైకి లేపాడు. ఎవరు అందుకుంటారు, మన అద్దమా, అయ్యో అద్దమేనా! ఎగురు నాయనా, జుట్టు తర్వాత దువ్వుకుందువు గానీ ఎగురు! తలతో కొట్టాడు! ఒరే తమ్ముడూ, గోల్! అద్దం కొట్టాడురా, తలతో కొట్టాడు, జుట్టంతా చెదిరిపోయింది, ఇంత అందంగా వాడు ఎప్పుడూ లేడు!"

వంటాయన నన్ను ఎత్తుకున్నాడు. నేను ఏడుస్తున్నాను. పెద్దాయన కనపడలేదు. అంతలో మొత్తం రాయి అదిరిపోయేలా హారన్ మోగింది. మంచు కమ్మినప్పుడు ఓడల్ని హెచ్చరించే హారన్ అది. మంచు లేనప్పుడు దాని మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఊడుతుందని వచ్చిన రోజే నన్ను బెదిరించిన మనిషి, ఎండ కాస్తుంటే దాన్ని పట్టుకుని వదల్లేదు. దూరంగా పోతున్న పడవ ఒకటి కంగారుపడి ఇటు తిరిగింది. "ఏమైంది?" అని వాళ్ళు అరిస్తే పెద్దాయన పైనుంచి "అద్దం కొట్టాడు!" అని అరిచాడు. వాళ్ళకేం అర్థమైందో దేవుడికెరుక.

ఆట అయిపోయేదాకా మైకు నీ దగ్గరే ఉంది. వార్తలాయన మళ్ళీ తీసుకోలేదు. మనం మొదటి అంచెకు ఎక్కాం, నువ్వు చెప్తుంటే ఎక్కాం. గోడ మీది టీవీలో చూసినా నాకు ఇంత బాగా కనపడేది కాదు.

నీ మాటలు నాకు నామోషీ కాదు. ఎప్పుడూ కాదు. ఆ కాగితం రాసింది భయంతో.

నీ తమ్ముడు


లాండ్రీ వెనక గది,
ఎండ బాగా కాస్తోంది

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ బావకి వినిపించాను. ఆయన కళ్ళు తుడుచుకుని, ఆవిరి అన్నాడు. మిషన్ ఆపి చాలాసేపయింది.

ఇక్కడి సంగతి చెప్తాను. మైకు నా ముందుకు వచ్చింది. నీ పాడు "క్రీడాభిమానులారా"నే మళ్ళీ తోసుకొచ్చింది. దాన్ని మింగేసి నువ్వు చెప్పినట్టు నిన్ను తలుచుకున్నాను. మనసులో తలుచుకోవాల్సింది, నోటికొచ్చేసింది. "ఒరే" అని ఊరందరినీ పిలిచేశానని నాకు వెంటనే తెలిసింది. పక్కన వార్తలాయన చెయ్యి మైకు మీదికి వచ్చింది. అయిపోయిందిరా, అనుకున్నాను. అప్పుడే మేస్త్రి బంతి ఎడమకి జరిపాడు. ఇక దేన్నీ పట్టించుకోలేదు. మళ్ళీ చూస్తే ఆయన చెయ్యి ఒళ్ళో ఉంది, నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు.

మ్యాచ్ అయ్యాక స్టేషన్‌లో ఫోన్లు ఆగలేదట. ఒకాయన మాత్రం "నన్ను ఒరే అంటారా?" అని తగువుకొచ్చాడట. ఏ వయసువారండీ అని అడిగితే డెబ్బై దాటాయన్నాడట, "అయితే మీరు అన్నయ్య, మిమ్మల్ని కాదులెండి" అన్నారట. మిగతావాళ్ళందరూ తమ్ముళ్ళమనే ఒప్పేసుకున్నారు. వీధిలో నడుస్తుంటే బస్సు ఆపి డ్రైవర్ "అక్కా, గోల్!" అని అరిచాడు. అద్దం లాండ్రీకి వచ్చాడు. నేను కౌంటర్ కింద దాక్కుందామనుకున్నాను. వాడు చేతులు కట్టుకుని "మీరు రేడియోలో అన్నారట, నిజంగా నేను అలా పడతానా అక్కా?" అన్నాడు. పడతావు నాయనా అన్నాను. "వచ్చే సీజన్‌లో పడను" అన్నాడు. చూద్దాం.

మీ బావ గోల్ వినగానే ఇస్త్రీపెట్టె వదిలేసి వీధిలోకి పరిగెత్తాడట. కింద ఉన్న కోటు కాలిపోయింది. వార్తలాయన కోటే. కొత్తది కొనిస్తామంటే ఆయన వద్దన్నాడు, కాలిన మచ్చ అలాగే ఉంచి వేసుకు తిరుగుతున్నాడు.

ఇక అసలు మాట. నిన్న స్టేషన్ అధికారి స్వయంగా వచ్చాడు. వచ్చే సీజన్ అన్ని మ్యాచ్‌లూ నావే. వారంలో మిగతా రోజులు లాండ్రీ, శనివారం రేడియో. "ప్రకటనలో మీ పేరేమని వేయమంటారు?" అన్నాడు. మీ బావ ఇస్త్రీ చేస్తూ తలెత్తకుండా "అక్క అని వెయ్యండి" అన్నాడు. అలాగే వేశారు. వ్యాఖ్యానం, అక్క. నువ్వు ఇప్పటికే మూతి ముడుచుకుని ఉంటావు, నా అక్కని ఊరందరికీ పంచారని. ముడుచుకో, ఇంక చేసేదేమీ లేదు.

ఉత్తరాలు మాత్రం మానను. రేడియోలో అన్నీ నా ఇష్టమే గానీ ఒక్క షరతు పెట్టారు, రిఫరీని ఏమీ అనకూడదట. ఫైనల్లో సూదిని కింద పడేస్తే కళ్ళు మూసుకున్న ఆ మనిషిని ఏమీ అనకూడదట! ఆ తిట్లన్నీ వారం వారం నీకే రాస్తాను. వంటాయననీ పెద్దాయననీ దగ్గర కూర్చోబెట్టుకుని గట్టిగా చదువు. ఇదిగో, ఇప్పుడే మొదలుపెడుతున్నాను: ఆ రిఫరీ ఈల తగలెయ్య!

నీ అక్క